ఇంగ్లండ్ ఊళ్లలో గేమ్ షాపులన్నీ ఏమైపోయాయి? పీఎస్5 డిస్కుది కొనాలా, డిజిటలా?

ఖమ్మం_టు_లెస్టర్:

అందరికీ నమస్తే. మాస్టర్స్ కోసం సెప్టెంబరులో లెస్టర్ వచ్చాను. ఇంటి నుంచి పీఎస్4 (సోనీ వాళ్ల గేమ్ మిషన్), ఓ పది పన్నెండు గేమ్ డిస్కులు మోసుకొచ్చా. వాటి కోసం అమ్మ ఆవకాయ సీసా ఒకటి తీసేసింది, ఇంకా తిడుతూనే ఉంది. ఇక్కడ ఏదైనా గేమ్ షాపులో అవి ఇచ్చేసి, పైన కొంత కట్టి పీఎస్5 తీసుకుందామని నా ప్లాన్. పాత యూట్యూబ్ వీడియోల్లో చూస్తే ప్రతి ఊరి మెయిన్ రోడ్డులోనూ గేమ్ షాపు కనపడేది. వచ్చి చూస్తే ఒక స్పోర్ట్స్ బట్టల షాపులో బూట్ల అరల వెనక ఓ మూల నాలుగు గేములు పెట్టారు. పాతవి తీసుకుంటారా అని అడిగితే ఇప్పుడు తీసుకోవట్లేదన్నారు.

రెండు డౌట్లు. ఇన్ని షాపులు ఎలా పోయాయి? నేను డిస్క్ పెట్టేది కొనాలా, డిస్క్ లేని చవకది (గేములు నెట్‌లోంచి దించుకునే డిజిటల్‌ది) కొనాలా?

స్లౌ_బాబాయ్:

ఇందులో మర్మమేముంది బాబూ. ఆన్‌లైన్ వచ్చింది, షాపులు పోయాయి. అమెజాన్ దెబ్బ. డిజిటల్ తీసుకో, డబ్బులు మిగుల్తాయి, రూములో చోటూ మిగుల్తుంది.

కౌంటరక్క:

బాబాయ్ గారూ, అమెజాన్ ఒక్కటే కారణమైతే ఈపాటికి పుస్తకాల షాపులు కూడా ఉండకూడదు కదండీ. వాటర్‌స్టోన్స్ ఇంకా కళకళలాడుతూనే ఉంది. గేమ్ షాపుల కథ వేరు. కౌంటర్ వెనక నిలబడి చూసినదాన్ని కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా. ఓపికుంటే చదవండి.

మాది ఒంగోలు. 2009లో ఎమ్మెస్సీకి వచ్చా. మనవాళ్లకి పార్ట్‌టైమ్ అంటే అప్పుడూ వేర్‌హౌసు, చికెన్ షాపు, పెట్రోలు బంకే. నాకు మాత్రం కోవెంట్రీ దగ్గర ఓ చిన్న ఊళ్లో గేమ్ షాపులో దొరికింది. పెద్ద కంపెనీది కాదు, ఒకాయన సొంతంగా నడుపుకునేది. వారానికి ఇరవై గంటలు, వీసా ఒప్పుకునేది అంతే. చదువయ్యాక పోస్ట్ స్టడీ వీసా మీద కూడా కొన్నాళ్లు అక్కడే చేశా. ఇంటర్వ్యూలో ఆయన అడిగింది ఒకటే: గేములు ఆడతావా? మా అన్న చేతిలోంచి కంట్రోలర్ లాక్కుని పెరిగినదాన్నండీ అన్నా. రేపట్నుంచి రమ్మన్నారు.

అక్కడ మొదట తెలిసింది, కొత్త గేమ్ మీద షాపుకి ఏమీ మిగలదని. 40 పౌండ్ల గేమ్ అనుకోండి. 2011 జనవరి నుంచి వ్యాట్ 20 శాతం అయింది, అంటే 6.67 పౌండ్లు సర్కారుకే. డిస్ట్రిబ్యూటర్‌కి మేం కట్టేది దాదాపు 30. మిగిలిన మూడు పౌండ్ల చిల్లరలోనే అద్దె, కరెంటు, నా జీతం. కిరాణా కొట్టువాడికి పంచదార ఎలాగో మాకు కొత్త గేమ్ అలాగ. జనాన్ని లోపలికి రప్పించడానికే అది.

ఆ మాత్రం కూడా సూపర్‌మార్కెట్లు దక్కనివ్వలేదు. 2009 నవంబరు 10న మోడర్న్ వార్‌ఫేర్ 2 అనే పెద్ద గేమ్ వచ్చింది. కంపెనీ పెట్టిన ధర 54.99 పౌండ్లు. సెయిన్స్‌బరీస్ వాళ్లు 26కే పెట్టారు! గేమ్ కోసం వచ్చినవాడు వారం సరుకులు కూడా కొనుక్కెళ్తాడని వాళ్ల ఎత్తు. మాకు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే ధరే అంతకంటే చాలా ఎక్కువ. మా ఓనర్ గారు ఏం చేశారంటే, కారేసుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్లి, మనిషికిన్ని అని లెక్క పెట్టి ఇస్తుంటే వాళ్లావిడని కూడా లైన్లో నిలబెట్టి, కొన్నవన్నీ తెచ్చి మా అరలో సర్దారు. నవ్వకండి, అప్పట్లో చిన్న షాపులవాళ్లు చాలామంది చేసిన పనే ఇది.

మరి షాపు ఎలా నడిచింది? సెకండ్ హ్యాండ్ మీద. శనివారం పొద్దున్నే పిల్లలు సంచుల్లో డిస్కులు పట్టుకొచ్చేవాళ్లు. దీపం కింద వంచి గీతలు చూడటం, మరీ గీతలుంటే మిషన్లో పెట్టి పాలిష్ పట్టడం, ఖాళీ డబ్బా అరలో పెట్టి డిస్కు నా వెనక సొరుగులో దాచడం, ఇదీ నా ఉద్యోగం. ఒక గేమ్‌కి 15 పౌండ్లు షాపు క్రెడిట్ ఇచ్చేవాళ్లం (నగదే కావాలంటే ఇంకా తక్కువ), 25కి అమ్మేవాళ్లం. ఇక్కడ పాత సరుకు మీద వ్యాట్ మొత్తం ధర మీద కాదు, మధ్యలో మిగిలిన పది మీదే కట్టొచ్చు. అంటే 1.67 పోగా ఎనిమిది పౌండ్ల పైన మిగులుతుంది. కొత్త గేమ్‌లో మూడు, పాతదాంట్లో ఎనిమిది! పైగా అదే డిస్కు నెల తిరక్కుండా మళ్లీ మా కౌంటర్ మీదికే వచ్చేది. మళ్లీ ఎనిమిది. పిల్లాడు పాతవి ఇచ్చిన క్రెడిట్‌తోనే కొత్తది కొనేవాడు. షాపులోకి వచ్చే కొత్త డబ్బు కొంచెమే, తిరిగేది మాత్రం చాలా.

ఇందులో గేమ్ తీసిన కంపెనీకి ఒక్క పెన్నీ పోదు. వాళ్ల కడుపుమంటంతా అదే. 2010లో ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ వాళ్లు ఆన్‌లైన్ పాస్ అని పెట్టారు: పాత డిస్కు కొన్నవాడు నెట్‌లో ఆడాలంటే విడిగా డబ్బు కట్టాలి. ఆ కోడ్ వాడేశారా లేదా అని అడిగేవాళ్లకి సమాధానం చెప్పలేక చచ్చేదాన్ని. 2013లో మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ గేమ్ మిషన్ ఎక్స్‌బాక్స్ వన్‌లో డిస్కు ఇంకొకరికి అమ్మడం మీదే ఆంక్షలు పెడతామన్నారు. జనం దుమ్మెత్తి పోశారు, అదే జూన్‌లో వెనక్కి తగ్గారు. అందరూ గెలిచామనుకున్నారు. కానీ 2019లో డిస్కు పెట్టే చోటే లేని ఎక్స్‌బాక్స్ వచ్చింది, 2020లో డిస్కు లేని పీఎస్5 వచ్చింది, 2024లో వచ్చిన పీఎస్5 ప్రోకి డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. రూలు పెడితే గొడవ చేసినవాళ్లు చవగ్గా ఇస్తుంటే మాట్లాడకుండా కొనుక్కున్నారు.

నువ్వు వీడియోల్లో చూసిన షాపుల పేరే గేమ్. 2012 నాటికి ఈ దేశంలో వాళ్లవి ఆరొందల పైచిలుకు. 2007లో గేమ్‌స్టేషన్ అనే ఇంకో గొలుసుని 74 మిలియన్ పౌండ్లు పెట్టి కొన్నారు, దాంతో చాలా ఊళ్లలో ఒకే వీధిలో ఒకే కంపెనీవి రెండు షాపులు, రెండు అద్దెలు అయ్యాయి. ఇక్కడ షాపుల అద్దె నెలనెలా కాదు, పాతకాలం పద్ధతి, మూడు నెలలకోసారి. మార్చి 25 అందులో ఒకటి. ఆ తేదీకి వాళ్లు కట్టాల్సింది సుమారు 21 మిలియన్లు. వీళ్లు డబ్బులివ్వలేరని వాసన తగలగానే ఈఏ, నింటెండో, క్యాప్‌కామ్ సరుకు ఆపేశాయి. ఆ నెల పెద్ద గేమ్ మాస్ ఎఫెక్ట్ 3 గేమ్ షాపుల్లో లేదు! మార్చి 26న చేతులెత్తేశారు, ఆ రోజే 277 షాపులకి తాళం పడింది, రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. మిగిలిన షాపుల్ని ఒకరు ఒక్క పౌండుకి తీసుకున్నారు (అప్పులతో కలిపి లెండి).

ఆ వారం మా షాపుకి వచ్చినవాళ్లలో సగం మంది చేతిలో గేమ్ కంపెనీ గిఫ్ట్ కార్డులు. అక్కడ తీసుకోవట్లేదు, మీరేమైనా తీసుకుంటారా అని. ఒక ముసలాయన మనవడికి పుట్టినరోజుకి కొన్నాడట, కార్డు బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. మేమేం చేస్తాం? గిరాకీ మాత్రం పెరిగింది. మా ఓనర్ గారికి సంతోషం లేదు. "ఆరొందల షాపులవాడికే సరుకు ఆపినవాళ్లు మనల్ని లెక్కపెడతారా?" అనేవారు.

2019లో స్పోర్ట్స్ డైరెక్ట్ గ్రూపు వాళ్లు గేమ్‌ని 52 మిలియన్లకు కొన్నారు. మెల్లగా షాపుల్ని తమ బట్టల షాపుల్లోకి సర్దారు. నువ్వు చూసిన బూట్ల మూల అలాంటిదే. 2024 ఫిబ్రవరిలో పాత గేములు తీసుకోవడం మానేశారు. నా లెక్కలో షాపు మూతపడింది ఆ రోజే, బోర్డులు తర్వాత తీశారు. మా షాపు అంతకు చాలా ముందే పోయింది, ఇప్పుడక్కడ వేప్‌లు (ఎలక్ట్రానిక్ సిగరెట్లు) అమ్ముతున్నారు.

ఇక నీ రెండో ప్రశ్న. నీ దగ్గర డిస్కులున్నాయి, పైగా పీఎస్4 డిస్కులు డ్రైవ్ ఉన్న పీఎస్5లో ఆడతాయి. డిజిటల్ కొన్నావంటే, డ్రైవ్ విడిగా కొంటే తప్ప, ఆవకాయ వదులుకుని మోసుకొచ్చినవన్నీ దండగే. డిస్కుదే కొను.

లెమింగ్టన్_డెవ్:

అక్కా, బాగా రాశారు. కానీ నేను అవతలి గట్టున ఉన్నవాణ్ని, గేములు తీసే కంపెనీలో ప్రోగ్రామర్‌ని. ఆ ఎనిమిది పౌండ్లలో మాకేమీ రాదని మీరే అన్నారు. నాలుగేళ్లు పని చేసి తీసిన గేమ్‌ని ఒకటే డిస్కు మీద ఐదుగురు ఆడితే మేం ఒకరికే అమ్మినట్టు. ఇంకో మాట. మీ షాపు అరలో చోటు దొరికింది ఎవరికి? పెద్ద కంపెనీలకే. నలుగురు కూర్చుని తీసిన చిన్న గేమ్‌ని మీ ఓనర్ గారు ఎప్పుడైనా పెట్టారా? డౌన్‌లోడ్ వచ్చాకే అలాంటివాళ్లు బతికారు. 2022కే ఇక్కడి గేమ్ అమ్మకాల్లో దాదాపు 90 శాతం డిజిటల్. జనం ఎంచుకున్నారు.

కౌంటరక్క:

చిన్న గేముల మాట ఒప్పుకుంటా తమ్ముడూ, మా అరలో వాటికి చోటు లేదు. నిజమే. కానీ జనం ఎంచుకున్నారంటే సగమే ఒప్పుకుంటా. డిస్కు ఉన్నప్పుడు ఒకే గేమ్‌కి మా ధర ఒకటి, టెస్కో సూపర్‌మార్కెట్ ధర ఒకటి, ఎదురింటి కుర్రాడి ధర ఇంకొకటి. డిస్కు లేని మిషన్‌లో కొట్టు ఒక్కటే, అది ఆ మిషన్ చేసినవాడిదే. సోనీ తన స్టోరులో తీసుకునే 30 శాతం కమీషన్ మీద ఇక్కడ కొనుగోలుదారుల తరఫున 2022లో కేసు వేశారు, ముందుకు నడపడానికి ట్రిబ్యునల్ 2023లో ఒప్పుకుంది. ఊరికే వేయరు కదా.

ఇంకోటి కూడా పోయింది, దానికి లెక్క కట్టలేం. శనివారం సాయంత్రం తల్లులు చీటీ పట్టుకుని వచ్చేవాళ్లు. "మా వాడికి పదకొండేళ్లు, ఇది కావాలంటున్నాడు." చూస్తే డబ్బా మీద ఎర్రగా 18. షాపులో ఆడపిల్లని నేనొక్కదాన్నే, అందుకే నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్లు. అందులో ఏముంటుందో దాచకుండా చెప్పేదాన్ని. సగం మంది వెనక్కి పెట్టేసేవాళ్లు. మిగతా సగం కొనేవాళ్లే, కానీ తెలిసి కొనేవాళ్లు. బేరం పోగొడుతున్నావని ఓనర్ గారు ఒక్కసారి కూడా అనలేదు.

సీటీసీ_శీను:

మాది సికింద్రాబాద్. మీ బాధ చదువుతుంటే నవ్వొస్తోంది అక్కా, ఏమనుకోకండి. మాకు ఇట్ల మెయిన్ రోడ్డు మీద గేమ్ షాపులు ఎక్కడివి? సీటీసీ అనే మా కంప్యూటర్ మార్కెట్ల పీఎస్2కి కాపీ డిస్కులు నడిచే చిప్ ఏసుకునుడు, ఆ కాపీ డిస్కులు కొనుక్కునుడు, గంటకిన్ని పైసలు కట్టి పార్లర్ల ఆడుడు. ఒరిజినల్ డిస్కు అనేది పీఎస్4 వచ్చినంక గానీ మా గ్యాంగ్‌ల ఎవ్వడూ కొనలే. ఇప్పుడు మాత్రం ఓఎల్ఎక్స్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో పాత డిస్కుల బేరాలు మంచిగనే నడుస్తున్నయ్. షాపు లేకున్నా మారుబేరం ఆగలే.

ఖమ్మం_టు_లెస్టర్:

థ్యాంక్యూ అక్కా. డిస్కుదే ఫిక్స్. పీఎస్4 మిషన్ ఎక్కడ అమ్మాలి? ఇంకో డౌట్, మా రూమ్మేట్ నింటెండో వాళ్ల గేమ్ మిషన్ స్విచ్ 2 తీసుకుంటున్నాడు. అది కార్డు పెట్టేదే కాబట్టి భయం లేదు కదా?

కౌంటరక్క:

మిషన్‌కి సీఈఎక్స్ చూడు. 1992లో లండన్‌లో మొదలైన పాత సరుకు షాపు, ఇండియాలో కూడా ఉంది. ఇలాంటివాటిలో ఇంకా గట్టిగా నిలబడింది అదే, ఎందుకంటే వాళ్లు ఫోన్లు కూడా కొంటారు, గేముల మీదే ఆధారపడలేదు. ధర వాళ్ల సైటులో ముందే చూసుకో, నగదుకో రేటు, ఓచర్‌కో రేటు ఉంటుంది. ఐడీ తీసుకెళ్లు. కంట్రోలర్, వైర్లు అన్నీ పెట్టు, లేకపోతే కోత పెడతారు. అమ్మే ముందు నీ అకౌంటు తీసేసి మిషన్‌ని రీసెట్ కొట్టు.

స్విచ్ 2 విషయంలో రూమ్మేట్‌ని కాస్త చూసుకోమను. కొన్ని కార్డుల్లో గేమ్ ఉండదు, తాళం చెవి మాత్రమే ఉంటుంది, గేమంతా నెట్‌లోంచి దించుకోవాలి. గేమ్ కీ కార్డ్ అని డబ్బా ముందు భాగంలోనే కింద రాసి ఉంటుంది. అవి మళ్లీ అమ్ముకోవచ్చు, అంతవరకు నయం. డబ్బాలో కార్డు కూడా లేకుండా కోడ్ కాగితం ఒక్కటే పెట్టి అమ్మేవి వేరే ఉన్నాయి, వాటి జోలికి మాత్రం పోవద్దను. ఒకసారి కోడ్ కొట్టాక ఆ డబ్బాకి విలువ సున్నా.