సమస్య: చీకటియె వెలుంగు చిమ్ముచుండె

పృచ్ఛకుడు:
ఆటవెలది నాలుగవ పాదాన్ని ఇస్తున్నాను. పూరణ హంస మండలంలోని సిగ్నస్ ఎక్స్-1 జంట మీద ఉండాలి. భూమి గాలి ఎక్స్-కిరణాలను అడ్డుకొంటుంది కాబట్టి, 1964లో రాకెట్ మీద పరికరాలను పైకి పంపితే గాని ఈ మూలం మనకు తెలియలేదు. సూర్యునికి సుమారు 40 రెట్ల బరువున్న నీలి మహాతార, సుమారు 21 రెట్ల బరువున్న కృష్ణబిలం అక్కడ 5.6 రోజులకొక చుట్టు చొప్పున కలిసి తిరుగుతున్నాయి. వెలుగునైనా విడువనిది వెలుగు చిమ్ముతున్నదనడమే ఇక్కడి చిక్కు. అది పద్యంలోనే విడిపోవాలి. పద్యం కింద రాసే వివరణలో కాదు.

మొదటి పూరణ:
హంస మెడను జంట యందున్న నీలంపు
తార గాలి నెల్లఁ దాను పీల్చఁ
జుట్టుఁ బళ్ళెరమయి సుడివడి కాఁగెను
చీకటియె వెలుంగు చిమ్ముచుండె

పృచ్ఛకుడు:
మొదటి పాదంలో హకార యకారాలకు యతి చెల్లింది. "తార గాలి" అనడం ఎంతో ఒప్పుగా ఉంది. అంత పెద్ద తార నుండి అనుక్షణం వీచే ప్రచండమైన గాలిలో కొంత బిలం వైపు మళ్ళి, నేరుగా పడిపోక పళ్ళెంలా తిరుగుతూ, లోపలి పొరల్లో ఒరిపిడి వల్ల పది లక్షల డిగ్రీలకు మించి కాగుతుంది. అయితే "నెల్ల" అన్నది అతిశయోక్తి, ఎందుకంటే ఆ గాలిలో ఎక్కువ భాగం ఆకాశంలోకే పోతుంది. అంతకన్నా పెద్ద లోటు, కాగినది బిలం అంచుకు బయటనే అన్న మాట లేకపోవడం. సమస్య విడిపోయేది ఆ ఒక్క మాటతోనే.

రెండవ పూరణ:
పందె మోడినట్టి పండితుఁ డానాఁడు
వేలిముద్ర వేసి వెల్లడించె
నల్లబిలము గలదు, నామాట తప్పని
చీకటియె వెలుంగు చిమ్ముచుండె

పృచ్ఛకుడు:
సిగ్నస్ ఎక్స్-1లో కృష్ణబిలం లేదని భౌతిక శాస్త్రవేత్త హాకింగ్, తోటి శాస్త్రవేత్త కిప్ థోర్న్‌తో 1974లో వేసిన పందెం ఓడినట్లు 1990లో వేలిముద్ర వేసి ఒప్పుకొన్న కథ ఇది. (పందెపు సొమ్ముగా థోర్న్‌కు అందిన పత్రిక పేరు ఈ సభలో చెప్పదగినది కాదు.) నడక హాయిగా ఉంది, యతులు నిర్దుష్టం. కాని మూడు పాదాలూ పందెం గురించి మాట్లాడి, నాలుగవది అతికించినట్లు నిలిచింది. అది అక్కడ లేకపోయినా కథ ముగిసిపోతుంది.

ఒక సభ్యురాలు:
అయ్యా, వేలా ఎక్స్-1ను తీసుకోవచ్చునా? అదీ మహాతారతో జంటకట్టినదే కదా.

పృచ్ఛకుడు:
తీసుకోవచ్చునమ్మా, కాని సమస్యలో పస పోతుంది. 283 సెకన్లకొకసారి తిరిగే ఆ న్యూట్రాన్ తారకు నేల ఉంది. తార గాలి దాని ధ్రువాల మీద పడి అక్కడే వెలుగుతుంది. దానిని చీకటి అనడమే కుదరదు.

మొదటి పూరణకర్త:
మీ సూచన శిరోధార్యం. "ఎల్ల" తీయలేకపోయాను గాని, మూడవ పాదాన్ని ఇలా మార్చాను:

నంచుఁ దాఁకులోనె యంతయుఁ గాఁగెను

పృచ్ఛకుడు:
"పీల్చన్" మీది ద్రుతం అచ్చుతో కలిసి "నంచు" అయింది; స్వరయతి చెల్లింది. ఇప్పుడు వెలుగు ఎక్కడ పుట్టిందో పద్యమే చెబుతున్నది. పళ్ళెం పోయినందుకు మాత్రం నాకు కొంచెం బాధగానే ఉంది. రెండింటినీ ఒకే పద్యంలో ఇమిడ్చేవారి కోసం సమస్యను రేపటి వరకు తెరిచే ఉంచుతున్నాను.