ఎఫ్‌పీఎల్ ఆడేవాళ్లు నిజంగా ఏ సైట్లు చూస్తారు? నాకు సమాచారం ఎక్కువైపోయింది

రెండో_సీజన్:

ఫాంటసీ ప్రీమియర్ లీగ్ (ఎఫ్‌పీఎల్) ఆడటం ఇది రెండో ఏడాది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో టీమ్ కట్టుకుంటే, మైదానంలో వాళ్ల ఆటను బట్టి మనకు పాయింట్లు వచ్చే ఆన్‌లైన్ ఆట ఇది. మొదటి ఏడాది మ్యాచ్‌లు చూసి, నచ్చినవాళ్లను పెట్టుకుని ఆడాను. ఈసారి సీరియస్‌గా ఆడదామని యూట్యూబ్ ఛానళ్లు, పాడ్‌కాస్టులు, ఎక్స్‌లో ఓ ముప్పై అకౌంట్లు ఫాలో అవుతున్నాను. ర్యాంకు మాత్రం పోయినేడాది కంటే కిందే ఉంది.

మొన్నటి గేమ్‌వీక్ (ఒక రౌండ్ మ్యాచ్‌లు) సంగతి చెప్తాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా నా టీమ్ నాకు బాగానే అనిపించింది. సాయంత్రం ఒక వీడియోలో ఇద్దరి పేర్లు చెప్పి, వీళ్లు లేకపోతే కష్టమన్నారు. పాయింట్లు పోకుండా ఆటగాణ్ని మార్చుకునే ఫ్రీ ట్రాన్స్‌ఫర్ అప్పటికే వాడేశాను. 8 పాయింట్లు వదులుకుని ఇద్దరినీ తెచ్చాను. ఒకతను బెంచ్ దిగలేదు. రెండో అతను 61వ నిమిషంలో బయటికొచ్చి 2 పాయింట్లు ఇచ్చాడు. నేను తీసేసిన డిఫెండరేమో గోల్ కొట్టాడు, పైగా క్లీన్ షీట్ (వాళ్ల టీమ్ ఒక్క గోలూ ఇవ్వలేదు). ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీరు ఏవి చూస్తారో, ఎందుకు చూస్తారో చెప్పండి ప్లీజ్.

బెంచ్_బూస్ట్:

ఎనిమిదేళ్లుగా ఆడుతున్నాను, మొదటి మూడేళ్లూ నాదీ ఇదే కథ. ఇప్పుడు చూసేవి నాలుగైదే. ఏ సైట్ తెరిచినా ముందు ఒక ప్రశ్న పట్టుకుని తెరుస్తాను. ఊరికే తెరిస్తే ఎవరి అభిప్రాయమో నెత్తికెక్కి కూర్చుంటుంది.

నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇతను ఆడతాడా, ఎంతసేపు ఆడతాడు? టీమ్ మార్చుకునే డెడ్‌లైన్ మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందే అయిపోతుంది, లైనప్‌లు ఆ తర్వాతే వస్తాయి. కాబట్టి ముందే అంచనా వేసుకోవాలి. ఆడే అవకాశం ఎంతో చెబుతూ గేమ్‌లో కనిపించే 75, 50, 25 శాతం గుర్తులు ఒక్కోసారి ఆలస్యంగా మారతాయి. గాయాలకు బెన్ డిన్నరీ నడిపే ప్రీమియర్ ఇంజరీస్ పట్టిక చూస్తాను. మేనేజర్ల ప్రెస్ మీట్లు మాత్రం వదలను. అన్నీ వినే తీరిక లేకపోతే ఫాంటసీ ఫుట్‌బాల్ స్కౌట్‌లో క్లబ్బుల వారీగా రాస్తారు, అది చదవండి. అయితే సారాంశంతో ఆగకండి, మేనేజర్ అన్న మాట ఏమిటో చూడండి. "వారమంతా ట్రైనింగ్ చేశాడు" అంటే నాకు ధైర్యం. "రేపు ఇంకో సెషన్ ఉంది, చూద్దాం" అంటే అతనికి కెప్టెన్సీ (కెప్టెన్ పాయింట్లు రెట్టింపవుతాయి) ఇవ్వను.

రెండోది, అతనికి అవకాశాలు వస్తున్నాయా? దీనికి అండర్‌స్టాట్ అనే గణాంకాల సైట్. ఉచితం. ఆటగాడి పేజీలో షాట్ మ్యాప్ ఉంటుంది, షాట్ ఎంత మంచిదైతే చుక్క అంత పెద్దది. నాలుగు గోల్స్ కొట్టినవాడి పేజీలో బాక్స్ బయట చిన్న చిన్న చుక్కలే ఉంటే నేను తొందరపడను. ఒక్క గోలే కొట్టినా ఆరు గజాల బాక్స్ చుట్టూ పెద్ద చుక్కలు కమ్ముకుని ఉన్నాయనుకోండి, వాడి కోసం ఆగుతాను. ఇలా అందరూ అమ్మేస్తున్నప్పుడు అట్టిపెట్టుకున్న ఫార్వర్డ్ తర్వాతి నెలలో నన్ను నిలబెట్టాడు. ఆ పేజీ తెరిచి పది నిమిషాలు చూడటం నాకు మ్యాచ్ చూసినంత ఇష్టం.

ఫిక్చర్లకు (రాబోయే మ్యాచ్‌లకు) గేమ్‌లోని డిఫికల్టీ రేటింగ్ మొదట్లో సరిపోతుంది. సీజన్ రెండో సగంలో కప్ మ్యాచ్‌ల వల్ల లీగ్ మ్యాచ్‌లు వాయిదా పడి, కొన్ని వారాలు ఖాళీగా, కొన్ని వారాలు డబుల్‌గా (ఒకే టీమ్‌కి రెండు మ్యాచ్‌లు) మారతాయి. అప్పుడు ఆ మార్పులను ముందే అంచనా వేసే బెన్ క్రెలిన్ షీట్లు తప్ప నాకు ఇంకేవీ అక్కర్లేదు.

ఆటగాళ్ల ధరలు పెరుగుతాయో తగ్గుతాయో చెప్పే సైట్ల జోలికి మాత్రం కొత్తలో పోకండి. ఒకసారి 0.1 మిలియన్ పెరుగుతుందని మంగళవారమే ఒకతన్ని కొన్నాను. గురువారం యూరప్ మ్యాచ్‌లో తొడ పట్టుకుని కూర్చుండిపోయాడు. పైగా పెరిగిందంతా మనకు రాదు: 7.5కి కొన్నవాడు 7.8 అయినా అమ్మితే వచ్చేది 7.6 మాత్రమే.

మిడ్‌ఫీల్డ్_5:

పైవాటికి ఒకటి కలుపుతాను, లైవ్‌ఎఫ్‌పీఎల్. మ్యాచ్‌లు జరుగుతుండగానే ర్యాంకు చూపిస్తుంది. అసలు నేర్చుకోవాల్సింది అందులోని ఎఫెక్టివ్ ఓనర్‌షిప్. ఒక ఆటగాడు 60 శాతం టీముల్లో ఉండి, 40 శాతం మంది అతన్నే కెప్టెన్ చేశారనుకోండి, లెక్క 100 అవుతుంది. మీ టీమ్‌లో కెప్టెన్‌గా కాకుండా ఊరికే ఉంటే, అతను గోల్ కొట్టినా మీరు ముందుకు జరగరు. 2024-25లో లివర్‌పూల్ ఆటగాడు సలా 344 పాయింట్లతో రికార్డు కొట్టిన సీజన్‌లో ఇది నాకు బాగా తెలిసొచ్చింది. అతన్ని పెట్టుకుని కూడా వేరేవాళ్లకు కెప్టెన్సీ ఇచ్చిన వారాల్లో ర్యాంకు పడిపోయేది.

క్లీన్_షీట్:

డిఫెండర్ల గురించి ఎవరూ చెప్పలేదు. 2025-26 నుంచి డిఫెన్సివ్ కాంట్రిబ్యూషన్ పాయింట్లు వచ్చాయి కదా. క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, టాకిళ్లు కలిపి 10 చేస్తే డిఫెండర్‌కి 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్లకు, ఫార్వర్డ్‌లకు 12 కావాలి, కానీ రికవరీలు (బంతిని తిరిగి దక్కించుకోవడం) కూడా లెక్కలోకి వస్తాయి. దీనికి వేరే సైట్ అక్కర్లేదు, గేమ్‌లోని స్టాటిస్టిక్స్ పేజీలోనే ఉంది. గోల్స్ ఎక్కువ ఇచ్చే టీమ్‌లోని సెంటర్ బ్యాక్‌ని ఇప్పుడు అందులో చూసే ఎంచుకుంటున్నాను.

రెండో_సీజన్:

అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే అండర్‌స్టాట్ తెరిచి నా ముగ్గురు ఫార్వర్డ్‌లనూ చూశాను. ఒకతని ఎక్స్‌జీ (అవకాశాలను బట్టి రావాల్సిన గోల్స్ అంచనా) చాలా ఎక్కువుంది, కానీ మూడు పెనాల్టీలు తీసుకున్నాడు. దాన్ని ఎలా చూడాలి?

బెంచ్_బూస్ట్:

మంచి ప్రశ్న. అండర్‌స్టాట్‌లో ఒక్కో పెనాల్టీకి 0.76 ఎక్స్‌జీ పడుతుంది, మూడింటికే 2 దాటింది. పట్టికలో పెనాల్టీలు తీసేసిన ఎక్స్‌జీ కాలమ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి చూడండి. అదీ బాగుంటే అట్టిపెట్టుకోండి, పెనాల్టీలు అదనపు లాభం. బాగా తగ్గిపోతే, ఆ టీమ్‌లో పెనాల్టీలు ఇప్పటికీ ఇతనే కొడుతున్నాడా అన్నది ముందు తేల్చుకోండి. ఈ వారం మాత్రం ఫ్రీ ట్రాన్స్‌ఫర్ వాడకపోయినా నష్టం లేదు, 5 దాకా దాచుకోవచ్చు.