"జొరె గాదో... జొసుల్": ఈ కొరియన్ సామెతలో జారిపోయిన ముక్క ఏది?

ఆవకాయబద్ద:
నేను ఇంచియాన్‌లో ఉంటున్నాను. మా పక్కింటి పెద్దావిడ మియొక్‌కుక్ పంపించారు, పుట్టినరోజుకు వాళ్లు కాచే సముద్రపు నాచు చారు. రుచి చూసి "ఇందులో సోయా ఒక్కటే కాదు, చేప ఊట కూడా పడింది కదా" అన్నాను. ఆవిడ నవ్వి ఒక సామెత చెప్పారు. చెవిలో మిగిలింది ఇంతే: "జొరె గాదో ... జొసుల్ ...". జొరె అంటే బౌద్ధాలయానికి, గాదో అంటే వెళ్లినా. ఆ తర్వాతి మాట సెఊజొత్ అయితే ఉప్పులో ఊరిన రొయ్యలు, జొత్కుక్ అయితే ఊట. ఏదన్నారో ఎలా తేల్చుకోవాలి?

పదాలవేట:
సామెత తెలిసిందే. నున్‌చి, అంటే అడగకుండానే పసిగట్టే నేర్పు, చురుగ్గా ఉన్నవాడికి బౌద్ధాలయంలో కూడా జొత్ (ఉప్పులో ఊరవేసిన చేపలు, రొయ్యలు లాంటివి) దొరుకుతుందని. మఠంలో నీసు ముట్టరు, అదే చమత్కారం. పేచీ అంతా ఆ "సు" దగ్గర ఉంది. జొత్ రాతలో సకారాంతం. వెనక ఏమీ లేకపోతే తకారంలా ఆగిపోతుంది, అచ్చు తగిలితే సకారం లేచి కూర్చుంటుంది. మీరు "జొసుల్" విన్నారంటే మాట జొత్‌తోనే ముగిసింది. జొత్కుక్ అయితే "జొత్కుగుల్" అని, జొత్‌కే ఇంకో పేరైన జొత్కల్ అయితే "జొత్కరుల్" అని వినబడాలి. కాబట్టి సెఊజొత్. కేసు కొట్టేశాను.

రేవుగాలి:
అంత తొందర వద్దు. బూసాన్‌లో ఎనిమిదేళ్లు కాపురం చేసినదాన్ని. ఇదే సామెతను జోగెజొత్‌తో, అంటే ఆల్చిప్పల ఉప్పుఊరగాయతో చెప్పేవాళ్లూ ఉన్నారు. అదీ "జొసుల్" అనే ముగుస్తుంది. మీ సకారం ఇద్దరిలో ఎవరివైపూ సాక్ష్యం చెప్పదు.

పదాలవేట:
సకారమే వినబడిందని సంతోషించండి. "జొజుల్" అని ఉంటే చనుబాలు అయ్యేది. ఏకాక్షరంగా పలికితే రెండూ జొత్‌లే.

పాతచింత:
అందరూ చివరి అక్షరం పట్టుకుని వేలాడుతున్నారు, అసలు చిక్కు ముందుంది. "జొరె గాసొ జొత్కుగుల్ చన్నుందా" అని ఇంకో సామెత ఉంది. బౌద్ధాలయానికి వెళ్లి చేప ఊట వెతుకుతాడట. ఉండని చోట వెతికే తెలివితక్కువవాడికి ఆ మాట. "గాదో" అయితే మెచ్చుకోలు, "గాసొ" అయితే చురక. ఆవకాయబద్ద గారూ, ఆవిడ "దో" అన్నారా, "సొ" అన్నారా?

ఆవకాయబద్ద:
"దో" అనే అనుకున్నాను. ఇప్పుడు మీరు అడిగాక రెండూ వినబడుతున్నాయి. పోనీ, చారులో ఏది పడుతుందో ఎవరైనా చెబుతారా?

రేవుగాలి:
చెబుతాను. మియొక్‌కుక్‌లో ఉప్పదనం ముఖ్యంగా కుక్‌గాన్‌జాంగ్ నుంచి వస్తుంది, చారులకు వాడే సోయా అది. లేత రంగు, ఉప్పు ఎక్కువ. అదే పోస్తూ పోతే చారు నల్లబడుతుంది. అందుకని చివర్లో ఒక చెంచా ఎక్‌జొత్, అంటే వడకట్టిన చేప ఊట. మ్యొల్చి ఎక్‌జొత్ నెత్తళ్లతో చేసేది, వాసన గట్టిది, కిమ్చికి దిట్టం. కనారి ఎక్‌జొత్ పడమటి సముద్రంలో దొరికే సన్నటి ఇసుకచేపది. తేలిక, చారుల్లోకీ నాముల్ అనే ఆకుకూరల వంటకంలోకీ బాగుంటుంది. మీరు ఇంచియాన్ అంటున్నారు, బ్యాంగ్‌న్యొంగ్ ద్వీపం ఆ పరిధిలోదే, అక్కడి కనారికి పేరు. నేనైతే కనారి అంటాను. రొయ్యల జొత్ ఆవిరి మీద ఉడికించిన గుడ్డుకూ, ఉడికించిన పంది మాంసం పక్కనా. మోతాదు అడగకండి. దించేముందు నాలుక మీద వేసుకుని చూడటమే.

తంగేడు:
కనారి, కాఫీ ఒకే రంగు. అక్కడి టీవీ వినోద కార్యక్రమాల్లో ఓడినవాళ్లకు కాఫీ అని చెప్పి ఇది తాగిస్తారు. మొహాలు చూడాలి!
ఇంకోటి. జొత్‌కూ చాప్‌స్టిక్స్‌ను వాళ్లు పిలిచే జొత్కరాక్‌కూ చుట్టరికం ఉండాలి. జొత్‌ను ఎత్తుకునే పుల్లలు కదా.

పదాలవేట:
లేదు. పుల్లలకు చీనా మూలం ఉన్న "జొ" అనే మాట వేరే ఉంది, దానికి "కరాక్" చేరింది. మధ్యలో సకారం సంధి కోసం వచ్చింది. చూపుకు ఒకటే, పుట్టుక వేరు.

తంగేడు:
1905లో అమెరికన్ మిషనరీ హల్బర్ట్ కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోల్చి ఏకంగా వ్యాకరణమే రాశారు. మన "ఊట"తో...

పాతచింత:
ఆ దారిలోకి వెళ్లొద్దని మొక్కుకున్నాం కదా. కానీ "ఊట" అన్న మాటకు నా ఓటు. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే దిగేది ఊట, చేపకు ఉప్పు పట్టించి ఏడాది, ఆపైన ఊరనిచ్చి వడకడితే వచ్చేదీ ఊటే. "సాస్" అంటే టమాటా గుర్తొస్తుంది.

రేవుగాలి:
ఊట సరే, మరి ఊరిన చేప? వాళ్లకు రెండూ జొత్ కుటుంబమే, మనకు రెండు మాటలు కావాలి. పాత కొరియా రాజ్యం సిల్లా రాజు సిన్మున్ 683లో పెళ్లికూతురి ఇంటికి పంపిన కానుకల్లో బియ్యం, తేనె, సోయాతోబాటు "హె" కూడా ఉందని పాత చరిత్ర గ్రంథం సంగుక్ సాగి చెబుతుంది. ఊరవేసిన చేపో మాంసమో. దాన్ని ఏమంటారు?

పదాలవేట:
ఆ "హె" వచ్చింది కాబట్టి చెప్పాలి. సిక్‌హె అంటే చేప, ధాన్యం కలిపి పులియబెట్టింది. సిక్‌హ్యె అంటే తియ్యటి అన్నపు పానీయం. ఒక్క యకారం తేడాతో విందు తలకిందులవుతుంది. హమ్‌గ్యొంగ్ ప్రాంతంలో గాజమి అనే చేపతో చేసే సిక్‌హెలో కొర్రల జాతి అన్నం, ముల్లంగి, కారం పడతాయి. కొరియన్ కవి బెక్ సొక్ ఆ ప్రాంతపు హమ్‌హంగ్‌లో ఇంగ్లిషు పంతులుగా ఉన్నప్పుడు ఈ చేప మీద ఒక వ్యాసం కూడా రాశాడు. ఉత్తరాన జొంగ్జులో పుట్టినవాడు. తొలి సంపుటి 1936లో నూరే నూరు ప్రతులు. ఊరి వంటల పేర్లే కవితలో తాళం. దక్షిణ కొరియాలో 1980ల చివరిదాకా ఆయన పుస్తకాలు బయటికి రానివ్వలేదు. తిండి గురించి అంత గంభీరంగా, అంత ప్రేమగా రాసిన కవి మరొకరు లేరు.

తంగేడు:
శ్రీనాథుడు?

పదాలవేట:
ఆయన తిండి దొరకనందుకు రాశాడు. పలనాటి జొన్నకూడు మీద అలక అది.

పాతచింత:
బౌద్ధాలయం దగ్గర ఆగిపోయాం. అక్కడి కిమ్చిలో జొత్ ఉండదు, కుక్‌గాన్‌జాంగ్‌తో సరిపెడతారు. వెల్లుల్లి, ఉల్లికాడ కూడా నిషేధం. నిషేధించిన అయిదు ఘాటు దినుసుల్లో అయిదోది హంగ్గొ, అంటే మన ఇంగువ! సంస్కృత "హింగు" చీనా మీదుగా నడిచి అక్కడ చేరింది. పులిహోరకు ప్రాణం మనకు, అక్కడ వెలి.

రేవుగాలి:
అయితే ఆ సామెతలో మఠానికి వెళ్లినవాడికి జొత్ ఎవరిచ్చారు? భిక్షువు దాచుకున్నదా, పక్క ఊరివాళ్లు తెచ్చిపెట్టినదా? నున్‌చి అంటే అడగకుండా పసిగట్టడం అయితే, పసిగట్టింది భిక్షువు గుట్టునా?

పదాలవేట:
అలా చదివితే ఇది మఠం మీద చురక. పొగడ్త అన్న వాదం పడిపోతుంది.

ఆవకాయబద్ద:
ఆవిడ నన్ను పొగిడారా, మఠాన్ని తిట్టారా, ఇప్పుడు అదీ తెలియడం లేదు. కనారి సీసా మాత్రం కొన్నాను.

పాతచింత:
ఇంగువ గురించి వేరే చర్చ తెరుస్తున్నాను. "హింగు"లోని అనుస్వారం హంగ్గొలో ఎలా నిలిచిందో చెప్పగలవారు అటు రండి. హల్బర్ట్ అభిమానులు మాత్రం ఇక్కడే ఉండండి.