తనికెళ్ల భరణి నాటకం ఏది వేయొచ్చు?

బరంపురం నుంచి: ఉగాదికి మా వీధి కుర్రాళ్లతో భరణి గారి నాటకం వేద్దామని ఉంది. గోగ్రహణం, గార్దభాండం, కొక్కొరోకో, చల్ చల్ గుర్రం పేర్లు తెలుసు గానీ ఏది ఎంచుకోవాలో తేలట్లేదు. అసలు టెన్షన్ ఏంటంటే, మావాళ్లు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు, చదువంతా ఒడియాలోనే కదా.

పర్లాకిమిడి నుంచి: మాకూ అదే గొడవ అన్నా. పోయినసారి వేరే నాటకానికి డైలాగులు ఒడియా లిపిలో రాసిచ్చాం. అందులో ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం, దాంతో మా హీరో ‘మెడ పట్టుకో’ అనాల్సింది ‘మేడ పట్టుకో’ అన్నాడు. ఇక చూస్కో, ఈలలు!

రాయగడ నుంచి: నా ఓటు గోగ్రహణానికే. ఆయన సినిమాల్లోకి రాకముందే నాటకాల మనిషండీ. లేడీస్ టైలర్‌కి మాటలు రాశారు, 1989లో శివలో నానాజీగా నటుడిగా నిలబడిపోయారు. 2012లో మిథునం తీస్తే తెర మీద ఇద్దరే మనుషులు, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. శ్రీరమణ కథే అయినా నాకు మాత్రం అది స్టేజీ తెలిసినవాడి ధైర్యంలా కనిపిస్తుంది. ఒక్కటే మనవి, కుర్రాళ్లను ఆయన సినిమా గొంతు అనుకరించనివ్వకండి, మిమిక్రీ అయిపోతుంది.

పర్లాకిమిడి నుంచి: దీర్ఘం ఉన్నచోట పైన ఎర్రగీత పెట్టించు అన్నా.

బరంపురం నుంచి: ఎర్రపెన్ను ఇప్పుడే కొన్నా.