లీడింగా, లెడ్డింగా? ఈ మాట ఎక్కడిది

కొత్త_డీటీపీ:
అన్నలూ చిన్న డౌట్. పేజీలు కంపోజ్ చేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లైన్ల మధ్య గ్యాప్ పెట్టే leading అనే ఆప్షన్ ఉంది కదా, దాన్ని నేను లీడింగ్ అంటే మా సీనియర్ లెడ్డింగ్ అనాలంటాడు. స్పెల్లింగ్ చూస్తే లీడింగే కదా, ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి కంటిని నడిపిస్తుంది కాబట్టి ఆ పేరేమో అనుకున్నా. ఏది కరెక్టు?

సీసం_అచ్చు:
మీ సీనియర్ దే రైటు. కంటిని నడిపించడం ఏం లేదు, లెడ్ అంటే సీసం. అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో ఒక లైన్ అయ్యాక దాని కింద సన్నటి సీసం బద్ద పెట్టి, ఆ తర్వాత రెండో లైన్ పేర్చేవాళ్లు. బద్ద అక్షరాల కంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి దానికి ఇంకు అంటదు, కాగితం మీద ఖాళీ మాత్రమే కనిపిస్తుంది. మామూలుగా 2 పాయింట్ల మందం (పాయింట్ అంటే అంగుళంలో దాదాపు 72వ వంతు), 6 పాయింట్లూ ఆపైన అయితే స్లగ్ అనేవాళ్లు. అసలు బద్దే పెట్టకపోతే దాన్ని సాలిడ్ సెట్టింగ్ అంటారు.

కొత్త_డీటీపీ:
ఓహో. మరి 10 పాయింట్ అక్షరానికి అక్కడ 12 అని ఎందుకు చూపిస్తుంది, బద్ద 2 యే కదా?

సీసం_అచ్చు:
అదే తమాషా. అప్పట్లో లెడ్డింగ్ అంటే బద్ద మందమే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) నుంచి ఇంకో బేస్‌లైన్ దాకా మొత్తం దూరం. సీసం పోయింది, పేరు మిగిలింది, అర్థం కూడా మారింది.

వత్తుల_బాధితుడు:
పేరు ఎలాగైనా పలుకు గానీ తమ్ముడూ, తెలుగుకి ఈ గ్యాప్‌ని ఆటోకి, అంటే సాఫ్ట్‌వేర్ తనే పెట్టేదానికి మాత్రం వదిలెయ్యకు. డీఫాల్ట్ అక్షరం సైజులో 120 శాతం, అంటే 12 పాయింట్‌కి 14.4, అది ఇంగ్లీషుకి సరిపోతుంది. మనకి పై లైన్లో "రాష్ట్రం" పడి, సరిగ్గా దాని కిందే "కీ" వచ్చిందనుకో, ర వత్తు వచ్చి గుడిదీర్ఘం నెత్తిన కూర్చుంటుంది. ఫాంట్‌ని బట్టి మారుతుందనుకో, నేనైతే 12కి 17 కంటే తక్కువ పెట్టను, పేజీలు పెరుగుతాయని పబ్లిషర్ గొణిగినా సరే.

వెబ్_పనివాడు:
వెబ్‌పేజీల రూపు రాసే సీఎస్ఎస్‌లో దీని పేరు లైన్ హైట్ అని మారింది గానీ లోపల స్పెసిఫికేషన్‌లో హాఫ్ లెడ్డింగ్ అనే రాసుంటుంది, ఎక్స్‌ట్రా ఖాళీని సగం పైన సగం కింద పంచుతుంది. బద్దని నిలువునా చీల్చినట్టన్నమాట 😄