చర్చ: సభ్యుల ఫ్లయింగ్ క్లబ్బులో వాటా కొంటే గిట్టుబాటు అవుతుందా?

కొత్తరెక్క:
లైసెన్సు వచ్చి 4 నెలలైంది. శిక్షణ సంస్థలో విమానం అద్దెకు తీసుకోవడం భారంగా ఉన్నందున, 12 మంది కలిసి ఒక నాలుగు సీట్ల సెస్నా 172 విమానాన్ని నడుపుకుంటున్న క్లబ్బులో వాటా కొనాలని చూస్తున్నాను. వాటా, నెల చందా, గంట రేటు వేర్వేరుగా ఉన్నాయి. ఏడాదికి 40 గంటలకు మించి ఎగరలేని నాలాంటివాడికి ఇది లాభమేనా? సెలవు రోజుల్లో విమానం దొరుకుతుందా?

మబ్బులచాటు:
సెలవు రోజుల సంగతి నన్ను అడగండి. మా క్లబ్బులో ఒక పెద్దమనిషి ఏడాదిలోని శనివారాలన్నీ జనవరిలోనే తన పేర రాయించుకుంటారు. ఆకాశం కాస్త మసకబారితే రారు, వచ్చే ఉద్దేశం లేదని చెప్పి రద్దూ చేయరు. ఒక సభ్యుడు ఒకేసారి ఎన్ని బుకింగులు పెట్టుకోవచ్చో నియమావళిలో రాసి ఉంటే తప్ప సంతకం పెట్టకండి.

పాతలెక్కలు:
19 ఏళ్లుగా క్లబ్బు కోశాధికారిగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ముందుగా చూడవలసింది గంటను ఏ మీటరుతో కొలుస్తారన్నది. హాబ్స్ మీటరు గడియారం వంటిది. సాధారణంగా ఇంజిన్‌లో ఆయిలు ప్రెషరు రాగానే మొదలై, విమానం నేల మీద నిలబడి ఉన్నా తిరుగుతూనే ఉంటుంది. ట్యాక్ మీటరు ఇంజిన్ చుట్లను లెక్కిస్తుంది. నిమిషానికి 2,400 చుట్లకు అమర్చిన ట్యాక్, 1,200 చుట్ల దగ్గర గంటసేపు నడిస్తే అరగంటే చూపిస్తుంది. ట్యాక్ మీద వసూలు చేసే క్లబ్బే న్యాయమైనది.

గాలివాటం:
ఇందులో న్యాయమేముందో నాకు అర్థం కాలేదు. క్లబ్బు ఖర్చు మారదు కదా, ట్యాక్ పెట్టిననాడు ఆ మేరకు గంట రేటు పెంచుతారు. నేను దూరప్రయాణాలే చేస్తాను; టాక్సీవే మీద వరుసలో నిలబడి రన్‌వే చుట్టూ సర్క్యూట్లు కొట్టేవారి పెట్రోలును నేనెందుకు భరించాలి?

పాతలెక్కలు:
మీరు డబ్బు ఒక్కటే చూస్తున్నారు. హాబ్స్ గడియారం తిరుగుతోందన్న తొందరలో, చలికాలపు ఉదయం ఆయిలు వేడెక్కకముందే రన్-అప్ (ఎగిరే ముందు ఇంజిన్‌ను వేగంగా తిప్పి చూసే పరీక్ష) మొదలుపెట్టి, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోల తాళాన్ని కుడికీ ఎడమకీ టకటకా తిప్పేసి, చెక్‌లిస్టును తెరవకుండా మోకాలి మీదే పెట్టుకుని రన్‌వే ఎక్కిన సభ్యుణ్ణి నేను పక్క సీటులో కూర్చుని చూశాను.

గాలివాటం:
ఆ సభ్యుణ్ణి నేనే అన్నట్టు రాస్తున్నారు. చెక్‌లిస్టు చదవనివాడు ఏ మీటరు బిగించినా చదవడు. పక్క సీటులో ఉండి కూడా మీరు ఎందుకు ఆపలేదో ముందు చెప్పండి.

గ్రీజుచేతులు:
మీటర్ల తగవు తరువాత తేల్చుకోవచ్చు, నేను ఇంజిన్ విప్పేవాణ్ణి. సెస్నా 172లో ఎక్కువగా ఉండే లైకమింగ్ ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. వారాల తరబడి విమానాన్ని కదపకపోతే దాని మీది ఆయిలు కిందికి జారి, తేమకు తుప్పు పడుతుంది. నేల మీద పది నిమిషాలు నడిపి ఆపితే సరిపోతుందనుకునేవారు మరింత చెరుపు చేస్తారు, ఎందుకంటే ఆయిలు బాగా వేడెక్కనిదే లోపలి తేమ పోదు. ఆ లెక్కన 12 మంది ఎగరడం ఇంజిన్‌కు మంచిదే. కానీ ఓవర్‌హాల్‌కు, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడానికి, తయారీదారు సూచించే 2,000 గంటల హద్దు కూడా అంత త్వరగా దగ్గరపడుతుంది. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో, ఓవర్‌హాల్ కోసం క్లబ్బు కూడబెట్టిన నిధిలో ఎంత ఉందో కలిపి అడగండి. ఇంజిన్ ముదిరి నిధి ఖాళీగా ఉంటే, వాటా పేరుతో అప్పు కొంటున్నట్టే.

మబ్బులచాటు:
మాకు అదే జరిగింది. ఓవర్‌హాల్ వేళకు నిధి చాలక తలా ఇంత వేసుకోమన్నారు. ముగ్గురు వాటాలు వదిలేసి వెళ్లిపోగా వారి చందా కూడా మా నెత్తిన పడింది. శనివారాల పెద్దమనిషి మాత్రం వెళ్లలేదు.

సూర్యోదయం:
ఒంటరిగా సరదాకు ఎగిరేవారికి నాలుగు సీట్లు దేనికి? రోటాక్స్ 912 అనే చిన్న ఇంజిన్ ఉన్న రెండు సీట్ల విమానం గంటకు సుమారు 18 లీటర్లతో సరిపెట్టుకుంటుంది, మోటారు పెట్రోలుతోనూ నడుస్తుంది. 172కు 30 లీటర్లు దాటుతుంది. ఇంకొక మాట: గట్టిగా దిగి ముందు చక్రం దెబ్బతింటే, బీమా చెల్లించని తొలి మొత్తాన్ని ఎవరు కట్టాలో కాగితం మీద చూసుకోండి.

పాతలెక్కలు:
రెండు సీట్లలో ఇద్దరు బరువైన మనుషులు కూర్చుంటే బరువు హద్దు దాటకుండా ట్యాంకు నిండా ఇంధనం పోయలేరు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

కొత్తరెక్క:
అందరికీ కృతజ్ఞతలు. అడిగి వచ్చాను. రేటు హాబ్స్ మీద, నిధికి జమ ట్యాక్ మీద అట. ఇంజిన్ 1,640 గంటలు తిరిగింది, క్లబ్బు ఏడాదికి 400 గంటల దాకా ఎగురుతుంది. నిధి వివరం వచ్చే సమావేశంలో చెబుతామన్నారు.

గ్రీజుచేతులు:
అంటే 2,000 గంటల హద్దుకు 11 నెలలైనా లేదు. ఆ సమావేశం అయ్యేదాకా డబ్బు కట్టకండి. ఈలోగా కిందటి తనిఖీలో నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడిని ఎంతవరకు నిలుపుతున్నాయన్న) అంకెలు ఎంత వచ్చాయో, ఆయిలు ఫిల్టరు కోసి చూసినప్పుడు లోహపు రజను కనిపించిందో లేదో లాగ్‌బుక్కులో చూసి ఇక్కడ రాయండి.