బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర: సంతకం పెట్టాలా, వద్దా?

కూకట్‌పల్లి అమ్మ:
ఆగస్టు 10న బడిలో నులిపురుగుల మాత్ర వేస్తారట, డైరీలో సంతకం అడిగారు. మావాడు మూడో తరగతి. మా ఆయన వద్దంటున్నారు. ఆరో అంతస్తులో ఉంటాం, ఆర్‌వో నీళ్లు తాగుతాం, మనకు పురుగులెక్కడివి అని. అత్తయ్యేమో వాడు రాత్రి పళ్లు కొరుకుతున్నాడు, వేయించాల్సిందే అంటారు. పోయినసారి ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారని క్లాసు గ్రూపులో చదివినప్పటి నుంచి నాకు టెన్షన్. మీరేం చేశారు?

మల్కాజిగిరి మూర్తి:
మేం వేయించం. పురుగులు ఉన్నాయో లేవో చూడకుండా మందేమిటి? మలపరీక్ష చేయించి, ఉంటే వేద్దాం. 2015 నుంచి ఫిబ్రవరి, ఆగస్టు అంటూ వేస్తూనే ఉన్నారు.

ఉప్పల్ సైన్స్ టీచర్:
రిటైరయ్యాను గానీ ఈ మాత్రలు నా చేతులతో చాలామందికి నమిలించాను. మూర్తి గారూ, ఒక్కసారి పరీక్షలో పురుగుల గుడ్లు కనపడకపోవచ్చు. పైగా మాత్ర కన్నా పరీక్షకే ఖర్చెక్కువ. అందుకే, నూటికి 20 మంది పిల్లలకు పైగా పురుగులున్న చోట పరీక్ష లేకుండానే అందరికీ వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఇక అమ్మా, ఆర్‌వో సంగతి. ఈ పురుగుల్లో ఒక రకమైన ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. సరిగ్గా కడగని కొత్తిమీరతోనో, ఆడుకుని కడుక్కోని చేతులతోనో కడుపులోకి వెళ్తాయి. ఇంకో రకం, కొంకిపురుగు పిల్లలైతే వట్టి కాళ్ల చర్మంలోంచే దూరతాయి. లిఫ్టు దిగాక మీవాడు ఆడేది మట్టిలోనే కదా!

మాత్ర ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు సగం. నమిలి మింగాలి, గుటుక్కున మింగించకూడదు. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకే వికారం, కడుపునొప్పి ఎక్కువ. అవి కాసేపటికి తగ్గుతాయి. ఆ రోజు జ్వరముంటే వేయించకండి, తర్వాత మిగిలిన పిల్లల కోసం ఇంకో రోజు పెడతారు. పళ్లు కొరకడం మాత్రం పురుగులకు రుజువు కాదు. అలాగైతే మా ఆవిడ నాకు రోజూ మాత్ర వేయాలి.

మల్కాజిగిరి మూర్తి:
లక్నో చుట్టుపక్కల దాదాపు పది లక్షల మంది చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనం 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈ మందుతో బరువులో గానీ మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దానికేమంటారు?

ఉప్పల్ సైన్స్ టీచర్:
కాదనను. వాళ్లు బడికి రాని వయసు పిల్లలు. కెన్యా బడుల్లో గైర్హాజరు తగ్గిందని 2004లో ఒక అధ్యయనం వచ్చింది, దాని మీదా తర్వాత గట్టి వాదాలు నడిచాయి. మాత్ర వేస్తే మార్కులొస్తాయని నేను చెప్పను. కడుపులో ఉన్న పురుగు పోతుంది, అంతే. మట్టి మారకపోతే మళ్లీ వస్తుంది, అందుకే మళ్లీ మళ్లీ వేసేది.

ఎల్బీనగర్ యాదవ్:
మా ఊళ్లో గొర్రెలకు నట్టల మందు తాగిస్తాం. ఎన్నడూ పెంటికలు పరీక్షకు పంపలేదు సార్.

మల్కాజిగిరి మూర్తి:
పిల్లల్ని మందలో కలపకండి!

కూకట్‌పల్లి అమ్మ:
సాయంత్రం కిందికెళ్లి చూశా. చెప్పులు బెంచీ కింద పడేసి, ఇసుకలో గుంతలు తవ్వుతున్నాడు. ఆ చేత్తోనే బిస్కెట్టు. సంతకం పెట్టేశాను, ఆ రోజు టిఫిన్ తినిపించే పంపిస్తా. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

మల్కాజిగిరి మూర్తి:
మీ ఇష్టమమ్మా. ఇంటికొచ్చాక ఎలా ఉన్నాడో ఇక్కడ రాయండి. మా పాప డైరీ ఇంకా నా దగ్గరే ఉంది.